డోలు వాయించే నాన్న, తాగుడు, పదహారేళ్ల కొడుకు: ఈ కథను మొత్తం కవితల్లోనే నవలగా రాయొచ్చా?

కందుకూరు నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా ఇలా ఉంది: "మా మేనమామ డోలు వాయిస్తారు. చాలా ఏళ్లు తాగుడులో పడి, వైద్యం చేయించుకుని ఇప్పుడు మానేశారు. ఆయన కొడుకు చెప్తున్నట్టుగా, ఇంటర్ చదివే వయసు పిల్లల కోసం ఒక నవల రాయాలనుకుంటున్నాను, మొత్తం కవితల్లోనే. ఛందస్సులో రాయాలా, వచన కవితలో రాయాలా? పిల్లలు చదువుతారా? మా యాస పెట్టొచ్చా? మామ చదివితే బాధపడతారేమోనని టెన్షన్‌గా ఉంది."

రాయొచ్చమ్మా. వచన కవితలో రాయండి, కాకపోతే నడక ఉన్న వచన కవితలో. యాస సంభాషణల్లో ధారాళంగా వాడండి, కథనంలో కాస్త తగ్గించండి. పిల్లలు చదువుతారు. పేజీలో తెలుపు ఎక్కువ కనపడితేనే వాళ్లకు సగం భయం పోతుంది. మామగారి సంగతి వేరే చెప్పాలి, చివర్లో చెప్తాను.

నేను చాలా ఏళ్లు ప్రకాశం జిల్లాలో హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పాను. పిల్లల కోసం గేయ కథలు రాశాను, ఇంకొకరు రాసినవి దిద్దిపెట్టాను. ఇప్పటికీ నా దగ్గరికి రాతప్రతులు వస్తుంటాయి. ఆ అనుభవంతో చెప్తున్నాను తప్ప ఇందులో శాస్త్రం ఏమీ లేదు.

కవితల్లో ఎందుకు రాయాలి అన్నదానికి మీ దగ్గర జవాబు ఉండాలి. నా దగ్గరికి వచ్చే వాటిలో చాలావరకు వచనాన్ని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి పేర్చినవే. ఇలా ఉంటాయి:

నాన్న రాత్రి తాగొచ్చాడు.
అమ్మ ఏడ్చింది.
నేనూ ఏడ్చాను.
డోలు మూలన పడి ఉంది.

ఇది కవిత కాదు, పంచనామా. దీన్ని ఒక పేరాగా కలిపేసినా పోయేదేమీ లేదు. ఇదే సంగతిని పిల్లాడు నిజంగా ఎలా గమనిస్తాడో చూడండి. తాగేవాళ్ల ఇళ్లలో పిల్లలకు చెవులు బాగా పనిచేస్తాయి. బండి ఆగిన తీరు, చెప్పులు విడిచిన చప్పుడు, గొళ్లెం పడిన తీరు వీటితోనే ఆ రాత్రి ఎలా గడుస్తుందో లెక్కేసుకుంటారు. క్లాసులో ఇలాంటి పిల్లలు నాకు తారసపడుతూనే ఉండేవాళ్లు. వరండాలో అడుగుల చప్పుడు వింటే వాళ్లు మిగతావాళ్లకంటే ముందే తలెత్తేవాళ్లు. అది పట్టుకుని రాస్తే:

గేటు గొళ్లెం
మొదటిసారికే పడితే
అన్నాలకు కూర్చుంటాం.
రెండోసారికి పడితే
చెల్లెల్ని లోపలికి పంపిస్తాం.
మూడోసారీ తప్పిందంటే

అమ్మ లేచి
డోలు తీసి
మంచం కిందికి తోస్తుంది.

ఇందులో తాగుడు అన్న మాటే లేదు, ఏడుపూ లేదు. డోలు మంచం కిందికి ఎందుకు పోతుంది? విసిరేస్తాడనా, తాకట్టు పెడతాడనా? ఆ ఖాళీని చదివే పిల్లాడు తనే పూరించుకుంటాడు. ఇంట్లో "ఎవరికీ చెప్పొద్దు" అని పెంచిన పిల్లాడు కథ చెప్తున్నప్పుడు చెప్పకుండా వదిలేసేవే ఎక్కువ. కవితలో అలా వదిలేయడానికి చోటు ఉంటుంది. వచనంలో అయితే మధ్యలో వివరణ రాయకుండా మన చెయ్యి ఊరుకోదు.

ఇక ఛందస్సు. వృత్తాల జోలికి వెళ్లకండి. ఇంటర్ పిల్లాడు మత్తేభంలో మాట్లాడితే నవ్వొస్తుంది. ద్విపదలో పెద్ద కథలు నడిచాయి, నిజమే. కానీ ఇన్ని వందల పాదాలు యతి ప్రాసలతో ఈ కథను లాగితే మీ శక్తంతా అక్షరాలు వెతుక్కోవడానికే సరిపోతుంది. గురజాడ వారు ముత్యాల సరాన్ని పట్టుకుని కథ చెప్పింది 1910 ప్రాంతంలో. అందులో మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, నాలుగు. మిశ్రగతి అంటే అదే: తకిట తకధిమి. మీ కథలో తండ్రి డోలు విద్వాంసుడు కాబట్టి ఈ గతులు మీకు ఊరికే దొరికిన ఆస్తి. తిశ్రం మూడు, చతురశ్రం నాలుగు, ఖండం అయిదు, మిశ్రం ఏడు, సంకీర్ణం తొమ్మిది. మేళం ఇంట్లో పుట్టిన పిల్లాడికి ఎక్కాల కంటే ముందు ఇవి వస్తాయి.

నా సలహా ఏమిటంటే, నవల మొత్తం గతిలో రాయొద్దు. తండ్రి బాగా వాయించిన రోజున మాత్రమే కవిత తాళంలో పడాలి. పిల్లాడి గొంతులో ఇలాగన్నమాట:

వేళ్ల నిండా తొడుగులేసీ
వీధి మొగలో నాయనుంటే
పెళ్లి ఇంటికి పెళ్లి కళరా

పైకి చదవండి, తకిట తకధిమి తకిట తకధిమి అని పడుతుంది. డోలును కుడివైపు వేళ్లతో, ఎడమవైపు పుల్లతో వాయిస్తారు. కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు ఉంటాయి, మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు చెయ్యి చెడిన రోజు:

వేళ్లు వణికీ తొడుగు

పెళ్లికొడుకు మా వైపే చూశాడు.

రెండో తకధిమి రాలేదు. పాదం మధ్యలో తెగిపోయింది, ఆ తర్వాత వచనం. తాళం తప్పిందని మీరు చెప్పనక్కర్లేదు, పాఠకుడి చెవికే తెలుస్తుంది. ఇలాంటివి పుస్తకం మొత్తంలో నాలుగైదు చోట్ల చాలు. ప్రతి కవితలోనూ చేస్తే గారడీ అయిపోతుంది. మిగతావన్నీ మామూలు వచన కవితలు, పొట్టి పాదాలు, ఎక్కువగా క్రియలతో ముగిసేవి. విశేషణాలు తీసేయండి. "వేదనాభరిత మౌనం" లాంటివి కనపడితే నేను ఎర్ర పెన్ను తీస్తాను.

ఇప్పుడు అసలు విషయం. మీ ప్రశ్నలో సంగీతం, కుటుంబం, తాగుడు మూడూ పక్కపక్కన ఉన్నాయి. ఒకదాన్నొకటి పట్టుకుని లేవు. అలాగే రాస్తే మూడు కథలవుతాయి. వాటిని కట్టే ముడి మీ మామగారి చేతిలోనే ఉంది. రోజూ బాగా తాగేవాళ్లలో చాలామందికి పొద్దున్నే చేతులు వణుకుతాయి. ఒక గుక్క పడితే ఆ వణుకు ఆగుతుంది. డోలు వాయించేవాడికి వేళ్లు వణికితే బతుకే లేదు. కాబట్టి వాయించడం కోసమే తాగుతాడు. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకు అయితే మూడింటికే తాగుతాడు. చుట్టాలు అనేది "తాగి డోలు పాడు చేసుకున్నాడు" అని. కొడుకు చూసేది మాత్రం తాగకపోతే డోలు పలకని నాన్నని. ఆ చిన్న సీసా కిట్టు సంచిలో తొడుగుల పక్కనే ఉంటుంది. ఒకరోజు సంచి మోసే కొడుకే దాన్ని అందిస్తాడు, నాన్న పరువు పోకూడదని. నా దృష్టిలో మీ నవలకు నడుం ఇదే. తండ్రి చెడ్డవాడా మంచివాడా అన్న ప్రశ్న అక్కడితో పోతుంది. పిల్లాడికి కూడా ఆ తాగుడులో చెయ్యి ఉందన్నది మొదలవుతుంది.

దీనికి ఎదురుగా డీజే. మీకు తెలియనిది కాదు. ఇప్పుడు పెళ్లిళ్లలో మేళాన్ని తాళి కట్టేదాకా కూర్చోబెట్టి, మిగతా రాత్రంతా బాక్సులు పెడుతున్నారు. పదహారేళ్ల కుర్రాడికి రిథమ్ ప్యాడ్ మీద మోజు ఉండటం సహజం, డీజే కుర్రాళ్ల వెంట పోవడమూ సహజం. నాన్న కంటే తనకే ఎక్కువ డబ్బు వచ్చే రోజు ఒకటి వస్తుంది. దాన్ని పెద్ద గొడవగా రాయకండి. నాన్న ఆ నోట్లు చేతిలోకి తీసుకుని లెక్కపెట్టి, వంద ఉంచుకుని మిగతాది అమ్మకిచ్చాడని రాస్తే చాలు. ఆ వంద ఎందుకో అందరికీ తెలుసు.

నేనైతే కథ మధ్యలో ఒక పెళ్లి పెడతాను. ఒకే పెళ్లికి తండ్రి మేళం, కొడుకు డీజే. పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం" అంటారు. సన్నాయి అందుకుంటుంది, డోలు లేదు. నాన్న కల్యాణమండపం వెనకాల వంటవాళ్ల దగ్గర ఉన్నాడు. అక్షింతలు పట్టుకున్న చేతులన్నీ గాల్లో ఆగాయి. కొడుకు ప్యాడ్ వదిలేసి పరిగెత్తి డోలు ముందు కూర్చుంటాడు. తొడుగులు లేవు, అవి నాన్న వేళ్లకే ఉన్నాయి. ఉత్త వేళ్లతో వాయిస్తాడు. ఈ ఒక్క సంఘటనకు పది పన్నెండు కవితలు ఇవ్వండి. ఒకటి పంతులుగారి చెయ్యి మీద, ఒకటి సన్నాయి వాయించే పెద్దాయన చూపు మీద, ఒకటి పగిలిన వేలి చివర మీద. కవితా నవలలో కాలాన్ని ఇలా ఆపొచ్చు. అదే సంగతి వచన నవలలో పన్నెండు పేజీలు సాగితే పిల్లలు పేజీలు తిప్పేస్తారు.

కథ కాలం గురించి ఒక మాట. మీ దగ్గర్లోనే మాలకొండ ఉంది. మాల్యాద్రి నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మీ పిల్లాడి తండ్రికి అక్కడ వాయించే అలవాటుంటే, నవలంతా శనివారాల లెక్కన నడపొచ్చు. నాన్న శుక్రవారం రాత్రి తాగడు, శనివారం కొండ మీద వాయిస్తాడు, ఆదివారం మనిషి ఉండడు. ఒక శనివారం కొండకు రాలేదంటే అక్కడ కథ మలుపు తిరిగినట్టే. దాంతో పాటు మూఢం, ఆషాఢం, శూన్యమాసం ఉండనే ఉన్నాయి. ముహూర్తాలు లేని రోజుల్లో మేళం వాళ్ల ఇళ్లలో డబ్బు ఉండదు, చేతికి పని ఉండదు, బెల్టు షాపులో అప్పు పెరుగుతుంది. సంవత్సరాన్ని మీరు వేరే కట్టనక్కర్లేదు, పంచాంగమే కట్టిపెడుతుంది.

తాగుడు విషయంలో అబద్ధం రాయకండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, చదివే పిల్లల్లో కొందరి ఇళ్లలో ఇదే నడుస్తుంటుంది. సినిమాల్లో లాగా కూతురు ఏడిస్తే తండ్రి సీసా పగలగొట్టి మారిపోయాడు అని రాస్తే, తన నాన్న అలా మారనందుకు ఆ పిల్ల తన ఏడుపులోనే లోపం వెతుక్కుంటుంది. మన వైపు నిజంగా జరిగేవి రాయండి.

ఒకటి, అయ్యప్ప మాల. మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ మనిషి మంచి ముత్యంలా ఉంటాడు. ఇంట్లో అందరూ మాల తీసే రోజు గురించి మాట్లాడకుండా తిరుగుతుంటారు. ఆ పిల్లాడు క్యాలెండర్‌లో ఆ తేదీని ఎలా చూస్తాడో రాయండి. మాలలో ఉన్నప్పుడు నాన్న వాయించిన డోలు ఎలా ఉందో కూడా రాయండి. అది బాగుండి తీరాలన్న రూలేమీ లేదు. తొలి రోజుల్లో చెయ్యి వణికి ఇంకా అధ్వానంగా ఉండొచ్చు. జనం "తాగితేనే బాగా వాయించేవాడు" అనొచ్చు. అది ఎంత పాడు మాటో పిల్లాడికి తెలుసు.

రెండోది, కూరలో కలిపే పొడి. తాగుడు మాన్పించే మందని ఎవరో ఇస్తారు, భర్తకు చెప్పకుండా సాంబారులో కలుపుతారు. ఇలాంటి వాటిలో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబారడం, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం జరుగుతుంది. డాక్టరు పర్యవేక్షణలో, మనిషికి చెప్పి ఇవ్వాల్సిన మందు అది. అమ్మ ఆ పొడి కలపడం కొడుకు చూశాడు, నాన్న బండి తీసి బయటికి పోతున్నాడు. ఇప్పుడు కొడుకు ఎవరి వైపు? చాలా బలమైన చోటు ఇది. అమ్మను విలన్ చేయకుండా రాయాలి.

మూడోది, ఒక్కసారిగా మానేయడం. రోజూ బాగా తాగే మనిషి హఠాత్తుగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులు గడిచేసరికి కొందరికి మతి తప్పి, లేనివి కనపడతాయి, వినపడతాయి. అందుకే ఆస్పత్రిలో ఉంచి మాన్పిస్తారు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. నాన్న వార్డులో లేచి కూర్చుని "ఎవడ్రా అది, కాలం తప్పుతుండాడు" అని, లేని డోలు విని కోప్పడుతుంటే పక్క మంచం వాళ్లు చూస్తున్నారు. కొడుకు ఒక్కడికే తెలుసు ఆయన వింటున్నది ఏ తాళమో. ఇది మీరు రాయకపోతే నేనే రాసేస్తాను.

మానేసిన తర్వాత మళ్లీ తాగడం కూడా ఉంటుంది. చాలామందికి ఒకటికి రెండుసార్లు అలా జరుగుతుంది. దాన్ని కథకు ఓటమిగా కాకుండా కథలో ఒక వారంగా రాయండి.

ఇక అవ్వ. మీరు ఆమె ప్రస్తావన తేలేదు, కానీ ఆ ఇంట్లో ఒక అవ్వ ఉంటే బాగుంటుంది. మన వైపు కథ కదా. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా కొట్టు మూయించారు. అక్కణ్నుంచి అది ఊరూరా పాకి, సారా వేలంపాటలు జరక్కుండా అడ్డుకునేదాకా వెళ్లింది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. అప్పట్లో ముప్పై ఏళ్ల కోడలు ఇప్పుడు అరవై దాటిన అవ్వ. సారా ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టిన మనిషి, ఇప్పుడు కొడుకు ఒంటి మీద సోయ లేకుండా వస్తే నోరు మెదపదు. మనవడికి ఆమె పాత పలక దొరికితే? ఆమె ఎందుకు మాట్లాడదో అడిగితే? ఉపన్యాసంలా పెట్టకండి, రెండు మూడు కవితలు చాలు. ఇవి ఊరికే చరిత్ర పాఠం కోసం కాదు. ఊరి సమస్యను ఊరంతా కలిసి తరిమారు, ఇంటి సమస్య దగ్గర మాత్రం ఆమె ఒంటరిదయింది. ఆ తేడా ఆమె కంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ముగింపు గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే సంగీతం కథలన్నీ ఒకే చోట ముగుస్తాయి. కుర్రాడు టీవీ పోటీలో గెలుస్తాడు, జడ్జీలు కళ్లు తుడుచుకుంటారు. నెల్లూరు వైపు వాళ్లకు ఈ యావ మరీ ఎక్కువ, తప్పు పట్టను. హరికథలు చెప్పే సాంబమూర్తి గారింట్లో పుట్టి బాలు గారు అంతవారయ్యారు కదా అని ప్రతి కథలోనూ ఇంకో బాలు పుట్టాలనిపిస్తుంది. మీ కథకు అది అక్కర్లేదు. ఆ కుర్రాడు డోలు పట్టాడా, ప్యాడ్‌కే ఉన్నాడా, రెండూ వదిలి పాలిటెక్నిక్‌లో చేరాడా అన్నది తేల్చకపోయినా నష్టం లేదు. తేల్చాల్సింది ఒక్కటే, నాన్న సంచి మోయడం వాడు ఆపాడా లేదా అన్నది.

యాస విషయం. కందుకూరును 2022లో జిల్లాల మార్పులో ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు కానీ మాట అంతకుముందు నుంచే రెండు వైపులా ఉంది. "పోతుండా", "ఎట్టా", "యాడికి", "నాయన", "ఏందబ్బా" ఇవన్నీ సంభాషణల్లో హాయిగా రానివ్వండి. కథనంలో మాత్రం పిల్లాడు స్కూల్లో రాసే తెలుగుకు దగ్గరగా ఉంచి, కోపం వచ్చినప్పుడో భయం వేసినప్పుడో యాసలోకి జారనివ్వండి. పిల్లలకు చదివి వినిపించినప్పుడు నేను గమనించిందేమిటంటే, తమ ఊరి మాట పుస్తకంలో వినపడగానే ముందు నవ్వుతారు, తర్వాత నిశ్శబ్దంగా వింటారు. ఆ నవ్వుకు భయపడి తీసేయకండి.

ఒక జాగ్రత్త. మేళం వాయించే కుటుంబాలకు కులం, మతం తెలిసిపోతుంటాయి. తాగుడును ఆ వృత్తికో ఆ కులానికో అంటగట్టినట్టు కనపడితే పుస్తకం అక్కడితో పోయింది. అదే వీధిలో తాగని మేళగాణ్ని, తాగే మేష్టారును కూడా చూపించండి. విద్య గౌరవాన్ని కూడా చూపించండి. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు నాదస్వరంతో శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. ముస్లిం విద్వాంసుడి నాదస్వరం గుళ్లో మోగడం మన వైపు వింతేమీ కాదు. సన్నాయి వాయించే పెద్దాయన పాత్ర మీకు కావాలి కదా, ఈ సంప్రదాయం నుంచి తీసుకోవచ్చు. ఆ పెద్దాయన తండ్రిని ఎన్నిసార్లు మేళంలోంచి తీసేసి ఎన్నిసార్లు మళ్లీ పిలిచాడో కూడా కథలో భాగమే.

"మొత్తం కవితల్లోనే" అని పట్టుదలగా రాశారు. పట్టుదల అవసరం లేదు. తిక్కన గారు నెల్లూరులో కూర్చుని వచనం అన్నదే లేకుండా నిర్వచనోత్తర రామాయణం రాశారు, మహాభారతానికి వచ్చేసరికి పద్యం, గద్యం కలిపే నడిపారు. మనమెంత! ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, డీజే గ్రూపులో వాట్సాప్ మెసేజులు, పెళ్లివారు అడ్వాన్సు తిరిగి ఇమ్మని చేసిన ఫోను ఇవన్నీ వచనంలోనే ఉండనివ్వండి. కవితల మధ్య అవి పొడిపొడిగా ఉంటేనే బాగుంటుంది.

కొలతలు అడిగేవాళ్లుంటారు కాబట్టి చెప్తున్నాను: వంద నుంచి నూట యాభై కవితలు, ఎక్కువభాగం ఒక పేజీలోపే. ప్రతిదానికీ పేరు పెట్టండి, కథ ముందుకు నడపడంలో సగం పని పేర్లే చేస్తాయి. "మాల తీసే ముందు రోజు" అని పేరు పెడితే కింద ఆ సంగతి మళ్లీ చెప్పక్కర్లేదు. రాసిన ప్రతిదాన్నీ పైకి చదవండి, ఊపిరి ఎక్కడ ఆగితే పాదం అక్కడ విరవండి. కళ్లతో చూసి విరవకండి. పూర్తయ్యాక పెద్దవాళ్లకు కాదు, ఇద్దరు ముగ్గురు ఇంటర్ పిల్లలకు ఇవ్వండి. ఏది నచ్చింది అని అడగొద్దు, ఎక్కడ ఆపి ఫోన్ తీశావు అని అడగండి. చివరి పేజీలో రెండు నంబర్లు వేయించండి: తాగుడు, మత్తు అలవాట్ల కోసం 14446, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416. రెండూ టోల్ ఫ్రీ. పేజీ ఖాళీగా ఉంచి అవి మాత్రమే వేయండి.

ఇక మీ మామగారు. ఆయన బతికే ఉన్నారు, అదే ఊళ్లో ఉన్నారు, మానేశారు. నవల అని పేరు పెట్టినంత మాత్రాన ఊరు గుర్తుపట్టకుండా ఉండదు. డోలు తీసి క్లారినెట్ పెట్టినా గుర్తుపడతారు. కాబట్టి దాచి రాయడం అన్న దారి మూసేయండి. ముందు ఆయనతో, తర్వాత ఆయన కొడుకుతో మాట్లాడండి. కొడుకును వేరుగా, తండ్రి లేనప్పుడు అడగండి. వాడు వద్దంటే ఆ సంగతి పుస్తకంలో ఉండకూడదు, తండ్రి సరేనన్నా సరే. అత్తయ్యగారు కూరలో ఏం కలిపారు లాంటివి ఆమె స్వయంగా చెప్తే తప్ప వాడకండి, ఊహించి రాసినా ఆమె మీదికే పోతుంది.

మామగారి దగ్గరికి వెళ్లేటప్పుడు తాగుడు కవితలతో వెళ్లకండి. డోలు గురించి రాసినవి పట్టుకెళ్లి చదవండి. తొడుగులు, మూత బిగింపు, గట్టిమేళం ఇవన్నీ. తప్పులు బోలెడు ఉంటాయి, ఆయనే ఆపి ఆపి దిద్దుతారు, ఒక పూట పడుతుంది. "మిగతాది ఏం రాశావు" అని ఆయన అడిగితే అప్పుడు తాగుడు కవితలు తీయండి. అడగకపోతే తొందరపడకుండా ఇక్కడ మళ్లీ రాయండి, ఆ మనిషి ఏమన్నారో, ఎలా అన్నారో చెప్తే ఏం చేయాలో అప్పుడు ఆలోచిద్దాం.